ఆదివారం మిద్దె మీద జాంబీల సినిమా

అందరికీ నమస్తే. ఈ ఆదివారం రాత్రి ఎనిమిదింటికి తిరుపతి బైరాగిపట్టెడలో మా మిద్దె మీద ‘హౌస్ ఆఫ్ ది డెడ్’ వేస్తున్నాం. 2003 సినిమా, డైరెక్టర్ ఉవే బోల్. మూలం సెగా కంపెనీ ఆర్కేడ్ గేమ్, తెర మీదకొచ్చే జాంబీలను, అంటే లేచి తిరిగే శవాలను, తుపాకీతో కాల్చే ఆట.

కథ గురించి పెద్దగా ఆశలు పెట్టుకోకండి. కుర్రోళ్లు పార్టీ అని దీవికి పోతారు, అక్కడ జాంబీలు ఉంటాయి, అంతే. చూడాల్సింది శ్మశానం ఫైట్. కెమెరా ఒక్కొక్కరి చుట్టూ గిర్రున తిరుగుతుంది, ఎందుకో మాత్రం అడక్కండి! ఇంకో విడ్డూరం, సినిమా మధ్యమధ్యలో అసలు గేమ్ క్లిప్పులే అతికించేశారు. డబ్బు తక్కువైతే సర్దుకోవచ్చు గానీ, ఇది చేతులారా చేసుకున్నదే. గేమ్‌ని సినిమాగా ఎలా తీయకూడదో చూడాలంటే ఇంతకన్నా మంచిది దొరకదు.

రక్తం ఎక్కువ, ఇంట్లోవాళ్లతో చూడలేని సీన్లూ ఉన్నాయి. పిల్లల్ని తీసుకురావద్దు. బొరుగులు మేం కలుపుతాం, చాపలు మీరు తెచ్చుకోండి. వాన పడితే కింద హాల్లోనే. వచ్చేవాళ్లు శనివారం లోపు ఇక్కడే చెప్పండి. కేకలు కొంచెం తగ్గించుకోవాలబ్బా, పక్కింట్లో పెద్దవాళ్లున్నారు.