అంటార్కిటికా కథల్లో మెకానిక్ ఎక్కడ?

సంపాదకులు గారికి నమస్కారం.

కిందటి ఆదివారం మీ అనుబంధంలో అంటార్కిటికా మీద రెండు పేజీల వ్యాసం వేశారు. పెంగ్విన్ల ఫొటోలు బాగున్నాయి. లోతైన మంచులోంచి వేల ఏళ్ల నాటి గాలి బుడగలను శాస్త్రవేత్తలు ఎలా బయటికి తీస్తారో చక్కగా విడమరిచి చెప్పారు. ఆ పేజీలు తీసుకెళ్లి ఆటోనగర్‌లో జనరేటర్ల షెడ్డు నడుపుతున్న నా పాత శిష్యుడికి ఇచ్చాను. అతను మొత్తం చదివి, "బాగుంది మాస్టారూ. కానీ అక్కడ మనలాంటోళ్లకి పనేముంటుందండీ?" అన్నాడు. నేను ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడ్ చెప్పి రిటైరైనవాణ్ణి. అతని ప్రశ్నకి జవాబు మీ పత్రికలోనే రావాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మెకానిక్ లేకపోతే అక్కడ శాస్త్రవేత్త ఒక్క వారం కూడా ఉండలేడు. ఇప్పుడు మన దేశానికి అంటార్కిటికాలో రెండు స్టేషన్లున్నాయి. 1989 నుంచి మైత్రి, 2012 నుంచి భారతి. రెండింటి మధ్య దూరం సుమారు మూడు వేల కిలోమీటర్లు. చలికాలమంతా ఒక్కో చోట పాతికమంది దాకా ఉంటారు. వేసవి చివర్లో ఓడ వెళ్లిపోయిందంటే మళ్లీ నవంబరు దాకా కొత్త మనిషి రాడు, కొత్త స్పేర్ పార్టు రాదు. నడి చలికాలంలో దాదాపు రెండు నెలలు సూర్యుడే కనబడడు. బయట మైనస్ ముప్ఫై, దానిమీద గంటకి వంద కిలోమీటర్లు దాటే గాలి. లోపల దీపం వెలగాలన్నా, మంచి నీళ్లు గడ్డకట్టకుండా ఉండాలన్నా, గోవాలోని ప్రధాన కేంద్రానికి ఫోన్ కలవాలన్నా జనరేటర్ తిరుగుతూనే ఉండాలి. అది ఆగితే మనుషుల ప్రాణాలకే ముప్పు.

ఆ చలిలో ఇంజన్ నడపడం మనకి అలవాటైన పని కాదు. మన బంకులో కొట్టే మామూలు డీజిల్ సున్నా డిగ్రీల దగ్గరే మైనం కట్టడం మొదలుపెట్టి ఫిల్టర్లను మూసేస్తుంది. అందుకే అక్కడ విమానాల్లో వాడే రకం ఇంధనం వాడతారు. అది మైనస్ 47 డిగ్రీల దాకా గడ్డకట్టదు. బ్యాటరీ బలం సగానికి పడిపోతుంది. ఇంజన్ ఆయిల్ చిక్కబడి క్రాంక్ షాఫ్ట్ (ఇంజన్ లోపలి ఇరుసు) తిరగనంటుంది, ముందుగా ఇంజన్ని వెచ్చచేస్తే గాని స్టార్ట్ కాదు. రబ్బరు హోసులు పెళుసెక్కి విరుగుతాయి. గ్లవ్ తీసి వట్టి చేత్తో స్పానర్ పట్టుకుంటే చర్మం దానికి అతుక్కుపోతుంది. ఇదంతా తెలిసి పనిచేయాలి. భారతిలో జనరేటర్ నుంచి వచ్చే వేడిని కూడా వదిలేయకుండా భవనాన్ని వెచ్చగా ఉంచడానికి వాడుకుంటారు. మన షెడ్లలో ఆ వేడి అంతా గాల్లో కలిసిపోతుంది.

వాడేసిన ఆయిల్ ఒక్క చుక్క కూడా అక్కడ పారబోయకూడదు. 1991లో కుదిరిన మాడ్రిడ్ ఒప్పందం ప్రకారం అలాంటి చెత్త తిరుగు ఓడ ఎక్కాల్సిందే. మన ఆటోనగర్ కాలవల్లో నల్లగా పారే ఆయిల్ చూసినప్పుడల్లా ఈ నియమం ఇక్కడా ఉంటే బాగుండుననుకుంటాను. అది వేరే ఉత్తరం.

పాత చరిత్ర చూసినా మెకానిక్ పనిని చిన్నచూపు చూస్తే ఏమవుతుందో తెలుస్తుంది. దక్షిణ ధ్రువానికి మొదట చేరింది నార్వే దేశస్థుడు అముండ్‌సెన్, 1911 డిసెంబరు 14న. ఇంగ్లండు నుంచి వెళ్లిన స్కాట్ మరో నలుగురితో 1912 జనవరి 17న చేరాడు, తిరుగుదారిలో ఐదుగురూ చనిపోయారు. మంచు మీద నడిచే మూడు మోటారు బళ్లని స్కాట్ తనతో తీసుకెళ్లాడు. ఒకటి ఓడలోంచి దించుతుండగానే సముద్రం మీది మంచు విరిగి మునిగిపోయింది. మిగిలిన రెండూ ధ్రువయాత్ర మొదలైన వారం పది రోజుల్లోనే నిలిచిపోయాయి. అంత చలిలోనూ ఇంజన్లు వేడెక్కి పిస్టన్ రాడ్డు క్రాంక్ షాఫ్ట్‌ని పట్టుకునే చోట ఉండే బిగ్ ఎండ్ బేరింగులు పోయాయి. డే అనే మోటారు ఇంజినీరూ, లాష్లీ అనే నేవీ స్టోకరూ (ఓడ బాయిలర్లు చూసే పనివాడు) దారిలోనే రిపేరు చేసి కొంతదూరం నడిపించారు గాని లాభం లేకపోయింది. ఆ బళ్ల తయారీలో మొదటి నుంచీ ఉండి, నార్వే మంచులో నడిపి చూసిన స్కెల్టన్ అనే నేవీ ఇంజినీరు ఆ యాత్రలో లేడు. దళంలో రెండో స్థానంలో ఉన్న అధికారి కంటే ఇతని హోదా పెద్దదని అభ్యంతరం వచ్చింది, అందుకని ఇంటి దగ్గరే వదిలేశారు. పాఠం చెబుతున్న రోజుల్లో ఈ సంగతి పిల్లలకి చెప్పినప్పుడల్లా నాకు గొంతు పట్టేసేది.

అముండ్‌సెన్ తన కిరసనాయిలు డబ్బాల అతుకులకి మాటు (సోల్డరింగ్) పెట్టించాడు. స్కాట్ డబ్బాల మూతలకి తోలు వాషర్లు. చలికి తోలు పాడై నూనె తరిగిపోయింది. తిరుగుదారిలో డిపోల (ముందుగా సరుకులు దాచి పెట్టుకున్న చోట్ల) దగ్గర అనుకున్నంత నూనె దొరకలేదు. నూనె లేకపోతే మంచు కరిగించుకుని తాగే నీళ్లుండవు, వేడి తిండి ఉండదు. చివరి ముగ్గురూ పెద్ద డిపోకి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో గుడారంలో ప్రాణాలొదిలారు. తుఫాను, ఆకలి, జబ్బు అన్నీ కలిశాయి, నిజమే. కానీ నా ట్రేడ్ వాడిగా ఆ వాషర్‌ని నేను మర్చిపోలేను.

మన మైత్రి ఉన్న షిర్మాకర్ ఒయాసిస్ అనే మంచు లేని రాతి నేలలోనే రష్యావాళ్ల నొవొలజారెవ్‌స్కయా స్టేషన్ ఉంది. 1961లో అక్కడి ఒకే ఒక్క డాక్టరు రొగొజోవ్‌కి అపెండిసైటిస్ వచ్చింది. వేరే దారి లేక ఏప్రిల్ 30 రాత్రి తన కడుపుకి తానే ఆపరేషన్ చేసుకున్నాడు. అందరూ ఆయన ధైర్యం గురించే చెబుతారు, చెప్పాల్సిందే. అద్దం పట్టుకుని, దీపం సర్దుతూ పక్కన నిలబడింది మాత్రం స్టేషన్ మెకానిక్. అలాంటి చోట ఎవరి పని ఎంత దూరం వెళుతుందో ముందుగా తెలియదు.

తెలుగువాళ్లకి ఆ ఖండం అంత దూరమేమీ కాదు. భూమిని ఫొటోలు తీసే మన ఉపగ్రహాలు ధ్రువాల మీదుగా తిరుగుతాయి కాబట్టి మన నేల మీదికి రోజుకి కొన్నిసార్లే వస్తాయి గాని అటు మాత్రం దాదాపు ప్రతి చుట్టులోనూ వెళతాయి. అందుకే భారతిలో ఇస్రో యాంటెన్నాలు పెట్టి, అక్కడ అందుకున్న ఫొటోలని హైదరాబాద్ దగ్గర షాద్‌నగర్‌లోని తన కేంద్రానికి పంపుతోంది. ఆ సంస్థ నుంచే మంగళా మణి గారు యాభై దాటిన వయసులో వెళ్లి 2016-17లో భారతిలో 403 రోజులున్నారు, చలికాలమంతా ఆ బృందంలో ఆవిడ ఒక్కరే ఆడమనిషి. ఆ యాంటెన్నాలు తిరగడానికి కరెంటు ఇచ్చే జనరేటర్ దగ్గర కూర్చునే కుర్రాడు విజయవాడ వాడో గుంటూరు వాడో ఎందుకు కాకూడదు?

గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం ఈ ఉద్యోగాలకి ప్రకటనలిస్తుంది. జనరేటర్ మెకానిక్, వెహికల్ మెకానిక్, వెల్డర్, క్రేన్ ఆపరేటర్, బాయిలర్ ఆపరేటర్, ఎలక్ట్రీషియన్, కార్పెంటర్, వంటమనిషి, నర్సు... ఇలాంటివి. ఐటీఐ చదివి కొంత అనుభవం ఉన్నవాళ్లు చాలా పోస్టులకి సరిపోతారు. కాంట్రాక్టు పనే, పర్మినెంట్ కాదు. మెడికల్ టెస్టులు గట్టిగా ఉంటాయి, ఎంపికైనవాళ్లని ఉత్తరాఖండ్‌లోని ఔలీలో మంచు మీద ట్రైనింగుకి పంపుతారు. ఏడాదికి పైగా ఇంటికి దూరం. మధ్యలో అమ్మానాన్నలకి ఏమైనా అయినా రావడానికి దారి ఉండదు. ఈ కష్టం దాచకుండా రాయండి. అది తెలిసే వెళ్లాలి.

నేను సర్వీసులో ఉండగా ఈ ప్రకటన మా నోటీసు బోర్డు మీద ఒక్కసారి కూడా చూడలేదు. ఇంగ్లీషులో, వాళ్ల వెబ్‌సైట్లో వచ్చి వెళ్లిపోతుంది. ఆటోనగర్ షెడ్డులో చేతులకి గ్రీజుతో ఉన్న కుర్రాడు గోవా వెబ్‌సైట్ రోజూ చూడడు, మీ పత్రిక మాత్రం టీ కొట్టు దగ్గర రోజూ తిరగేస్తాడు. మైత్రి పాతబడింది, దాని బదులు మైత్రి-2 కట్టాలని కేంద్రం నిర్ణయించింది. ఇంకా చాలామంది పనివాళ్లు కావాలి.

ఈసారి ప్రకటన పడినప్పుడు మీ ఉద్యోగాల పేజీలో ఏ ట్రేడ్‌కి ఏ అర్హతో, చివరి తేదీ ఎప్పుడో తెలుగులో వేయండి. వెళ్లొచ్చిన మెకానిక్ ఒకరిని వెతికి, ఆయన రోజు ఎలా గడిచేదో అడిగి రాయండి. ప్రకటనలో టెక్నికల్ మాటలు కష్టమనిపిస్తే నాకు పంపండి, ఏ పూటకా పూట తెలుగు చేసి ఇస్తాను.

ఇట్లు,
రిటైర్డ్ ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్ (డీజిల్ మెకానిక్),
పటమట, విజయవాడ