అప్పుకు సాయమని పేరెందుకు?

సంపాదకుల గారికి,

నేను సరూర్‌నగర్ చెరువు దిగువన ఒక కాలనీలో బ్లౌజులు కుడతాను. 2020 అక్టోబర్ 13 రాత్రి షాపులోకి నడుము లోతు నీళ్లొచ్చాయి. నాలుగు మిషన్లలో మూడింటి మోటార్లు పోయాయి. దసరా గిరాకీ కావడంతో మగ్గం వర్క్ జాకెట్లు కూడా బురదపాలయ్యాయి. వాటి ఖరీదు నేనే కట్టుకున్నాను. ప్రభుత్వం ఇంటికి 10,000 ఇచ్చింది, కాదనను. అది బియ్యానికి, పరుపులకు సరిపోయింది. మోటార్ల కోసం తెలిసినాయన దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి 40,000 తెచ్చాను. తీర్చడానికి మూడేళ్లు పట్టింది. కష్టంలో ఆదుకున్నానని ఆయన ఇప్పటికీ అందరితో చెప్పుకుంటాడు.

వరద దేశాలకు ప్రపంచం చేసే సాయం గురించి చదివినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు. 2022 వరదల్లో పాకిస్తాన్‌లో 3.3 కోట్ల మంది దెబ్బతిన్నారు. (ఆ దేశం మీద కోపం ఉన్నవాళ్లు ఉండొచ్చు. నేను మాట్లాడుతున్నది మునిగిన ఇళ్ల గురించి.) 2023 జనవరిలో సాయం చేసే దేశాలు, బ్యాంకులు జెనీవాలో కూర్చుని ఆ దేశానికి 900 కోట్ల డాలర్లకు పైగా ఇస్తామన్నాయి. అందులో ఎక్కువ భాగం అప్పులే. అదే ఏడాది దుబాయ్ వాతావరణ సదస్సులో పేద దేశాల నష్టానికి నిధి పెట్టి, సుమారు 70 కోట్ల డాలర్లు హామీ ఇచ్చారు. పాకిస్తాన్‌కు ఆ ఒక్క వరదలో జరిగిన నష్టమే దాదాపు 3,000 కోట్ల డాలర్లు! పొగ వదిలి, భూమిని వేడెక్కించి బాగుపడ్డ దేశాలు ఇవ్వాల్సింది అప్పు కాదు.

ఇచ్చేదేదో నీళ్లు రాకముందే ఇవ్వాలి. 1908 మూసీ వరదలో వేల ప్రాణాలు పోయాకే కదా నిజాం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టించింది. ఇప్పుడు మా వీధిలో జరిగేది చెప్తాను. ఎండాకాలంలో నాలా పూడిక తీసి గట్టుమీదే కుప్ప పోస్తారు. మొదటి వానకు అదంతా మళ్లీ నాలాలోకే జారుతుంది. ఆ మట్టి ఎత్తుకుపోవడానికి లారీలకు డబ్బుల్లేవంటారు.

పోయినేడు షాపులో రెండున్నర అడుగుల అరుగు కట్టించి మిషన్లు పైకెక్కించాను. సిమెంటు, కూలి కలిపి 12,000 అయింది. 2020కి ముందు ఆ పాటి డబ్బు నా చేతిలో లేదు.

ఇట్లు,
ఒక లేడీస్ టైలర్,
సరూర్‌నగర్, హైదరాబాద్