మీ ఎలక్ట్రిక్ సరుకు బండిపై ఫిర్యాదు

జవహర్ ఆటోనగర్,
విజయవాడ.

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: ఎండకు ఆగిపోతున్న బండి, వానకు కనపడని రోడ్డు, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

గుంటూరు యార్డు నుంచి గొల్లపూడి గోడౌన్లకు మిర్చి టిక్కీలు (బస్తాలు) తోలుకుని బతుకుతున్నాను. సంక్రాంతికి ముందు మీ డీలరు దగ్గర ఫైనాన్సు మీద మీ చిన్న ఎలక్ట్రిక్ ట్రక్కు కొన్నాను. వేసవిలో అది తిరిగిన రోజుల కన్నా షెడ్డులో ఉన్న రోజులే ఎక్కువ. వాయిదా మాత్రం ప్రతి నెలా కడుతున్నాను.

ఏప్రిల్‌లో మిట్టమధ్యాహ్నం లోడుతో కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే మోటారుకు కరెంటు అందించే కంట్రోలర్ వేడెక్కి బండి ఆగిపోయింది. వెనక బస్సులు నిలిచిపోయాయి. మా అబ్బాయీ నేనూ ఆ ఎండలో టిక్కీలన్నీ దించి ఇంకో ట్రాలీలోకి ఎక్కించాం. బండి చల్లబడి కదిలేసరికి నలభై నిమిషాలు పట్టింది. తర్వాత మరో నాలుగుసార్లు ఇదే జరిగింది.

బండి కొనకముందు ఇరవై ఏళ్లు ఇక్కడే మెకానిక్‌గా చేశాను. అందుకే ముందు ప్యానెల్ నేనే విప్పి చూశాను. గ్రిల్ వెనక రేడియేటర్ బిగించే బ్రాకెట్లు నాలుగూ ఉన్నాయి, రేడియేటర్ లేదు. నీళ్ల గొట్టాలు వెళ్లాల్సిన బెజ్జాలకు రబ్బరు మూతలు పెట్టారు. మీరు చూసి నకలు చేసిన విదేశీ బండిలో కంట్రోలర్ నీళ్లతో చల్లబడేదన్నమాట. అక్కడి చలికే అది కావాల్సి వస్తే, బెజవాడ ఎండకు అక్కర్లేదని ఎవరు తేల్చారు?

వైపర్లది ఇంకా ప్రమాదం. స్టీరింగ్ కుడికి మార్చారు, వైపర్లను ఎడమ స్టీరింగ్ బండికి ఉన్నట్టే వదిలేశారు. డ్రైవరు ఎదుట, అద్దం కుడి అంచున జానెడు మేర నీళ్లు తుడుచుకోవు. మొన్న వానలో వారధి మీద ఒక సైకిలాయన ఆ జానెడులోనే ఉన్నాడు. ఆఖరి క్షణంలో బ్రేకు తొక్కాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చూసి చెయ్యడం తప్పని నేననను. మా ఆటోనగర్‌లో రోజూ జరిగే పనే అది. కానీ అరిగిన పిన్ను సాంపిల్‌గా ఇస్తే మా లేత్ మేస్త్రి ఆ అరిగిన కొలతకే తియ్యడు. బుష్ కొలుస్తాడు, బండి ఎంత బరువు మోస్తుందో అడుగుతాడు, అప్పుడు మొదలుపెడతాడు. సోవియట్ వాళ్లు ఇటలీ కారు ఫియట్ 124ను లైసెన్సు తీసుకునే చేశారు. అయినా తమ రోడ్ల మీద తిప్పి చూసి 800కు పైగా మార్పులు చేశాకే 1970లో టోల్యాట్టిలో తయారీ మొదలుపెట్టారు. రేకు మందం పెంచారు, బండి ఎత్తు పెంచారు, వెనక డిస్కు బ్రేకులు తీసి డ్రమ్ములు పెట్టారు. మరోపక్క, ఓపెల్ ఫ్రాంటెరా బండిని పోలిన చైనా బండి ల్యాండ్‌విండ్‌ను 2005లో జర్మనీ ఆటోమొబైల్ క్లబ్బు అడాక్ ఢీకొట్టి పరీక్షిస్తే డ్రైవరు కూర్చునే చోటే నలిగిపోయింది.

మీ సర్వీసు నుంచి ముగ్గురు వచ్చారు. ఒకరు ఫ్యాన్ అన్నారు, ఒకరు సాఫ్ట్‌వేర్ అన్నారు. మూడో కుర్రాడు తెచ్చిన వైరింగ్ సెట్టుకు, వైర్లను జోడించే కప్లరే కలవలేదు. ఒకే మోడల్‌కు మూడు రకాల కప్లర్లు వచ్చాయని, డిజైన్ చేసిన టీమ్ ఇప్పుడు లేదని, డ్రాయింగులు తన దగ్గర లేవని చెప్పాడు. ఎండలో నిలబడి నాతో మాటలు పడ్డాడు పాపం, తప్పు అతనిది కాదు.

నా డబ్బు పూర్తిగా తిరిగి ఇవ్వండి. ఈ మోడల్ కొన్న అందరికీ వైపర్ల సంగతి వెంటనే తెలియజేసి, బండ్లు వెనక్కి పిలిచి ఉచితంగా సరిచెయ్యండి. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో చేరిన 110ఎ సెక్షన్ వాహనాల రీకాల్ గురించే. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను.

ప్యానెల్ తిరిగి బిగించలేదు. డిజైన్ తెలిసిన ఇంజనీరును పంపండి, ఆ నాలుగు బ్రాకెట్లూ చూపిస్తాను.

ఇట్లు,
మీ బండి కొన్న వినియోగదారుడు