కాలనీ సంక్షేమ సంఘం, ఒంగోలు: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

వినాయక చవితి, సంక్రాంతి ముగ్గుల పోటీ, కంటి పరీక్షల శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలన్నీ గ్రూపులో ఉన్నాయి, మళ్లీ రాయను. ఈ ఏడాది గట్టిగా చెప్పుకోవాల్సింది ట్యాంకుల శుభ్రత గురించే.

ఎండాకాలంలో కొళాయి నీళ్లు బూజు వాసన కొడుతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. నింద మనకు నీళ్లొచ్చే నాగార్జున సాగర్ కాలువ మీద పడింది. పరీక్షకు ఇస్తే ఈ.కోలై (మలం కలిస్తే కనిపించే బ్యాక్టీరియా) లేదు, తాగొచ్చు అన్నారు. వాసన మాత్రం పోలేదు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో ఈ.కోలై ఉండకూడదని ఉంది గానీ, ఫంగస్ (బూజు) ఇంతకు మించకూడదనే లెక్క లేదు. అందుకే సంపుల్లోంచి విడిగా శాంపిల్ తీసి ఫంగస్ కల్చర్ (ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) చేయించాం. ఆస్పర్‌జిల్లస్, పెనిసీలియం అనే రెండు రకాల ఫంగస్ కనిపించాయి.

నీళ్లు రోజూ రావు కాబట్టి సంపులో, మేడ మీద ట్యాంకులో నిలవ పెడతాం. గోడలకు పట్టే జిగురు పొరలో ఫంగస్ స్థిరపడుతుంది. దాని బీజాల పెంకు మందం. బ్యాక్టీరియాను చంపే క్లోరిన్‌కు అవి అంత తేలిగ్గా లొంగవు. టెన్షన్ పడకండి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఈ నీళ్ల వల్ల జబ్బు రావడం అరుదు. కీమోథెరపీలో ఉన్నవాళ్లు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు, ఎక్కువకాలం స్టెరాయిడ్లు వాడేవాళ్లు జాగ్రత్తపడాలి. వాళ్లకు తాగడం కన్నా షవర్ తుంపర పీల్చడంతోనే ఎక్కువ భయం, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు అలర్జీ పెరగొచ్చు. తాగే నీళ్లు మరగబెట్టుకుంటే మంచిది. ఆర్‌ఓ మిషన్ ఉందిగా అనేవాళ్లు దాని ట్యాంకు మూత ఒకసారి తీసి చూడండి.

శుభ్రత రోజు మన కుర్రాళ్లు సంపుల్లోకి దిగి, బ్రష్‌లతో జిగురు గీకి, బ్లీచింగ్ నీళ్లతో కడిగి పారబోశారు. మూతల సందులకు దోమతెర బిగించారు. ఆ సాయంత్రం కొళాయి చివర ఓటీ పరీక్ష (నీళ్లలో ఆర్థోటాలిడిన్ చుక్కలు వేసి క్లోరిన్ చూసేది) చేస్తే పసుపు రంగు తేలింది, అంటే క్లోరిన్ ఉన్నట్టే. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. టిఫిన్లు పంపిన మహిళా సభ్యులకు, మోటారు ఇచ్చిన మేస్త్రీగారికి, బురద మోసిన పిల్లలకు సంఘం తరఫున వేవేల కృతజ్ఞతలు.

పేర్లిచ్చినవాళ్లలో సగం మంది రాలేదు. ఆ రోజే అందరికీ పెళ్లిళ్లు, జ్వరాలు! మెయిన్ లైన్ లీకు గురించి అర్జీ పెడితే ‘చూస్తాం’ అన్న అధికారి ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, కోశాధికారిగారి దగ్గర చూసుకోవచ్చు. ల్యాబ్ ఫీజు చందాల నుంచే కట్టాం. బాకీలున్నవాళ్లు దయచేసి తీర్చండి.

తర్వాతి శుభ్రత దసరా సెలవుల్లో. ఈసారి పేరిచ్చి రానివాళ్ల జాబితా నోటీసు బోర్డులో పెడతాం.

ఇట్లు,
కార్యదర్శి