గుణుపురం కుక్కపిల్లని ఇప్పుడే తేవద్దు

డార్విన్, ఆస్ట్రేలియా,
నవంబర్ 25

తమ్ముడూ,

మన కుక్క చుక్కి ఎందుకు పోయిందని మొన్న ఫోనులో అమ్మ అడిగితే సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అందుకే కూర్చుని రాస్తున్నాను. మొదటి భాగం అమ్మకి గట్టిగా చదివి వినిపించు. మిగతాది నీ పని.

అమ్మా, చుక్కికి ముక్కులోంచి నెత్తురు కారితే వేడి చేసిందనుకుని మజ్జిగన్నం పెట్టావు, తల మీద తడిగుడ్డ వేశావు. ఆ రెండు రోజులు ఆలస్యం చేసినందుకే పోయిందని నీ మనసులో పడిపోయింది. రెండు రోజుల్లో వచ్చిన జబ్బు కాదమ్మా అది. పేరు ఎర్లీకియా. పిడుదు కరిచినప్పుడు దాని ఉమ్మితో పాటు కుక్క ఒంట్లోకి పోయి తెల్లకణాల్లో కాపురం పెడుతుంది. మొదట్లో కొన్నాళ్ళు జ్వరం, తిండి మీద ధ్యాస లేకపోవడం ఉంటాయి. మందు వెయ్యకపోయినా తగ్గిపోయినట్టే కనిపిస్తుంది. ఆ తరవాత నెలలు, ఒక్కోసారి ఏళ్ళు, పైకి ఏమీ తెలియదు. తింటుంది, పరిగెడుతుంది, వీధిలో కొత్తవాళ్ళు కనిపిస్తే మొరుగుతుంది. లోపల మాత్రం ఎముకల్లోని మూలుగు దెబ్బతిని, కొత్త నెత్తురు తయారవడం తగ్గిపోతుంది. చుక్కి రిపోర్టులో నెత్తురు గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు 18 వేలు ఉన్నాయి. బాగున్న కుక్కకి 2 నుంచి 5 లక్షల దాకా ఉంటాయి. పొట్ట మీద ఎర్రచుక్కలు చూసి చీమలు కుట్టాయనుకున్నారు కదా, అవి చర్మం కింద నెత్తురు చిమ్మిన మచ్చలు. మొదటి దశలో దొరికితే డాక్సీసైక్లిన్ 28 రోజులు వేస్తే చాలా కుక్కలు కోలుకుంటాయి. మూలుగు దాకా వెళ్ళాక ఆ మందుకి లొంగడం బహు కష్టం. నువ్వు పెట్టిన మజ్జిగన్నం దానికి ఏ చెడూ చెయ్యలేదు. చివరి రోజుల్లో అది నోట పెట్టుకున్నది అదొక్కటే అని తమ్ముడు చెప్పాడు.

ఇంకో మాట. ఈ దేశంలో ఊళ్ళ కుక్కల్లో ఈ జబ్బు 2020 మే దాకా బయటపడలేదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో కింబర్లీ వైపు మొదట దొరికింది, ఆ ఏడాదే మా నార్తర్న్ టెరిటరీలోకీ వచ్చేసింది. జబ్బు పేరు తెలిసి, ల్యాబులు దగ్గరున్న చోట కూడా చాలా కుక్కలు పోయాయి. కాబట్టి ముందే కనిపెట్టలేకపోయానని కుమిలిపోకు.

ఇక తమ్ముడూ, నీకు.

పిన్ని వాళ్ళింట్లో కుక్కపిల్లలు పుట్టింది అక్టోబర్ 28న అన్నావు. అంటే ఇవాళ్టికి సరిగ్గా నాలుగు వారాలు. వచ్చే ఆదివారం రైల్లో గుణుపురం వెళ్ళి తెచ్చేస్తానన్నావు. వద్దు. డిసెంబర్ 23కి ఎనిమిది వారాలు నిండుతాయి, అప్పుడు తే. పళ్ళు ఎంత గట్టిగా కొరకాలో, ఎక్కడ ఆపాలో పిల్ల ఇప్పుడు తల్లి దగ్గరా, తోబుట్టువుల దగ్గరా నేర్చుకుంటోంది. ముందే విడదీస్తే ఆ కొరకడం పెద్దయ్యాక కూడా పోకపోవచ్చు, అమ్మ చేతులే గాట్లు పడతాయి. అంతకన్నా పెద్ద కారణం మనిల్లు. చుక్కిని చంపిన పిడుదులు ఇంకా మన గోడల్లోనే ఉన్నాయి.

కుక్క పోగానే పిడుదులు కూడా పోతాయని అందరూ అనుకుంటారు. ఒళ్ళు చల్లబడగానే అవి దిగి గోడ పట్టుకుంటాయి. చుక్కిని ఆ రాత్రంతా వీధరుగు మీద స్తంభం పక్కనే పడుకోబెట్టారు కాబట్టి అక్కణ్ణుంచి మొదలుపెట్టు. ఈ గోధుమరంగు పిడుదు అడవిలో, గడ్డిలో కన్నా కుక్క ఉన్న ఇంట్లోనే ఎక్కువ బతుకుతుంది. నెత్తురు తాగి ఆముదపు గింజలా ఉబ్బిన ఆడది కుక్క మీంచి రాలి, ఏ పగుల్లోకో దూరి వేలకొద్దీ గుడ్లు పెట్టి చస్తుంది. గుడ్లలోంచి ఆరు కాళ్ళ పిల్లలొస్తాయి. అవి ఆవగింజ కన్నా చిన్నవి, కంటికి ఆనవు. ఒకసారి తాగి రాలి, పగుల్లో కుబుసం విడిచి, ఎనిమిది కాళ్ళతో మళ్ళీ ఎక్కుతాయి. మళ్ళీ తాగి రాలి, పెద్దవై మూడోసారి ఎక్కుతాయి. కుక్క మీద నీకు కనిపించినవి కొన్నే, మిగతావన్నీ ఇంట్లో ఉంటాయి. పెద్ద పిడుదు తిండి లేకుండా నెలల తరబడి కాచుకుని ఉండగలదు. జబ్బు కుక్క మీంచి దిగినది అయిదు నెలల దాకా ఆ జబ్బు అంటించగలదు. ఒక్కటే మేలు, తల్లి పిడుదు నుంచి గుడ్లకి ఎర్లీకియా దిగదు. కొత్తగా పుట్టినవి శుభ్రమైనవే, జబ్బు కుక్కని కరిస్తేనే వాటికి అంటుతుంది.

రాత్రి టార్చి పట్టుకుని చూడు. ఇది పైకి పాకే పురుగు, నేల మీద వెతికితే దొరకదు. మోకాలెత్తు నుంచి పెంకుల దాకా చూడాలి. గుమ్మం చెక్కకీ గోడకీ మధ్య సందు, స్విచ్చి బోర్డు వెనక, కేలెండరు మేకు దగ్గర, నవారు మంచం కోళ్ళ బెజ్జాలు, దూలం గోడలోకి దూరే చోటు. దొరికినదాన్ని వేళ్ళతో నలపకు. పట్టకారుతో తీసి సబ్బునీళ్ళ డబ్బాలో వెయ్యి. చుక్కి పడుకున్న గోనెసంచి కాల్చెయ్యి, ఉతికితే చాలదు, కుట్లలో దాక్కుంటాయి. ఊడ్చిన చెత్త పెరట్లో పారబొయ్యకుండా మంటలో వెయ్యి.

అరుగు పగుళ్ళలో వారానికోసారి మరిగే నీళ్ళు పొయ్యి. నీళ్ళు పోసే ముందు గుమ్మం పక్క స్విచ్చి ఆపు. పగుళ్ళు ఎండాక తెల్ల సిమెంటు పూసి మూసెయ్యి, మట్టిగోడకి సున్నం చిక్కగా రెండు పూతలు. మందు కొట్టడం కన్నా ఈ పూత పనే ఎక్కువ ఫలితమిస్తుందని నా నమ్మకం. దాక్కునే చోటు లేకపోతే అవి బయటికొస్తాయి, బయటికొస్తే మందుకి దొరుకుతాయి. ఫినాయిల్‌తో కడిగితే వాసనకి ఇల్లు శుభ్రంగా అనిపిస్తుంది గానీ పగుల్లో ఉన్న పిడుదుకి ఏమీ కాదు.

మందు అంటే, పశువుల మందుల దుకాణంలో డెల్టామెత్రిన్ అడుగు. నీళ్ళలో ఎంత కలపాలో సీసా మీద రాసిన లెక్కే, చేతి అంచనా వద్దు. గోడలకీ సందులకీ కొట్టు. రెండు వారాలకొకసారి, కనీసం నాలుగు సార్లు. ఒక్కసారి కొట్టి వదిలేస్తే గుడ్లకేమీ కాదు, అవి పొదిగి మళ్ళీ మొదటికే వస్తుంది. ఈ ఆదివారం మొదలుపెడితే నవంబర్ 30, డిసెంబర్ 14 పిల్ల రాకముందే అయిపోతాయి. డిసెంబర్ 28న కొట్టేటప్పుడు పిల్లని పక్కింట్లో ఉంచి, గోడలు పూర్తిగా ఆరాకే తీసుకురా. నాలుగోసారీ అంతే. పాలకోసం వచ్చే పక్కింటి పిల్లిని తడి ఆరేదాకా దగ్గరికి రానివ్వొద్దు. ఈ జాతి మందులు కుక్క తట్టుకుంటుంది, పిల్లి చచ్చిపోతుంది. నూతి గట్టు దగ్గర కొట్టకు.

పిన్నికి ఇప్పుడే ఫోన్ చెయ్యి. తల్లికుక్క మీద పిడుదులుంటే మన పాట్లన్నీ వృథా. పిడుదుల్ని చంపే ఫిప్రోనిల్ స్ప్రే పాలు తాగే పిల్లలకి కూడా పనికొస్తుంది, తల్లికీ వేయించమను. పొదుగు మీద మాత్రం పడకూడదు. నులిపురుగుల మందు పిల్లలకి రెండో వారం నుంచే మొదలుపెట్టి రెండు వారాలకోసారి ఎనిమిదో వారం దాకా, తరవాత ఆరు నెలలు నిండేదాకా నెలకోసారి వెయ్యాలి. ఇప్పటిదాకా వెయ్యలేదంటే ఈ వారమే. ఏలికపాములు తల్లి కడుపులోనే పిల్లకి సంక్రమిస్తాయి, పాలలోంచి కొంకి పురుగులూ వస్తాయి. ఉబ్బిన పొట్ట చూసి బొద్దుగా ఉందని మురిసిపోకండి, ఒక్కోసారి ఆ పొట్టంతా పురుగులే. మందు బరువుని బట్టి వేస్తారు కాబట్టి ముందు తూకం వెయ్యాలి. పిల్లని సంచిలో పెట్టి కిరాణా కొట్టు కాటా మీద తూచితే చాలు.

పిల్లని ఎంచుకునేటప్పుడు రంగు తరవాత చూడు. పెదవి ఎత్తి చిగురు చూడు, గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కితే తెల్లబడి రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. చెవి మడత లోపల, కాలివేళ్ళ మధ్య పిడుదులు చూడు, అక్కడే దాక్కుంటాయి. వెళ్ళడానికి మూడు రోజుల ముందు ఒక ఉతికిన గుడ్డ తల్లి దగ్గర వేయించు. తల్లి వాసన పడుతుంది. బయల్దేరేటప్పుడు ఆ గుడ్డని తెల్లకాగితం మీద దులిపి, పిడుదు లేదని చూసుకుని బుట్టలో పరుచు. రైలెక్కే ముందు రెండు మూడు గంటలు పాలూ అన్నం వద్దు, కక్కుతుంది. నీళ్ళు కొంచెం కొంచెం పట్టు.

ఇంటికొచ్చిన రోజే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళు. ఎనిమిది వారాలు నిండి రెండు కిలోలు దాటితే అఫాక్సొలానర్ బిళ్ళ వెయ్యొచ్చు, నెలకొకటి. అయితే ఆ బిళ్ళ కరిచిన పిడుదునే చంపుతుంది, కరిచిన కొన్ని గంటల్లోనే జబ్బు అంటుకునే వీలుంది. అందుకే పిడుదుని దగ్గరికి రానివ్వని మెడపట్టీ కూడా కావాలి, ఈ వయసుకి ఏది సరిపోతుందో డాక్టరుని అడుగు. అమిట్రాజ్ మందుతో మాత్రం స్నానం చేయించవద్దు, ఇంత చిన్నపిల్ల తట్టుకోదు.

టీకాలు డిసెంబర్ 23, జనవరి 20, ఫిబ్రవరి 17. ఆఖరిది పదహారు వారాలు నిండాక పడి తీరాలి. ముర్రుపాలతో తల్లి ఇచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం అది టీకాని పట్టనివ్వదు. అది ఎప్పుడు పోతుందో ఒక్కో పిల్లకి ఒక్కో తీరు. రెండు వేయించి చాలనుకున్నవాళ్ళ పిల్లలే పార్వో అనే వైరస్ జబ్బుతో నెత్తురు విరేచనాలై పోతుంటాయి. రేబీస్ టీకా జనవరి 20కి, పన్నెండు వారాలు నిండాక. తరవాత డాక్టరు చెప్పిన గడువుకి. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మన దగ్గర కరెంటు పోయే రోజులు తెలుసు కదా, మంచు డబ్బాలోంచి తీశారా లేదా చూసుకో. బిళ్ళలా ఉన్న పొడిని నీటిమందుతో కలిపిన వెంటనే వెయ్యాలి. టీకాల పుస్తకం ఒడియాలో రాసినా తెలుగులో రాసినా, సీసా మీది చీటీ ఒలిచి అందులో అతికించమని అడుగు. రేపు గరివిడి పశువైద్య కళాశాలకి తీసుకెళ్ళాల్సి వచ్చినా వాళ్ళు చూసేది ఆ చీటీనే.

రేబీస్ టీకా పడేలోపు పిల్ల ఎవర్నయినా కొరికి పన్ను దిగితే, చిన్నపిల్లే కదా అనుకోవద్దు. సబ్బుతో పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే మనుషుల ఆసుపత్రికి వెళ్ళాలి. ఇది అమ్మకి మళ్ళీ చెప్పు, పసుపు అద్ది ఊరుకుంటుంది.

సంక్రాంతి పదహారు వారాల్లోపే పడుతుంది. వీధిలో దింపకండి, మిగతా కుక్కలు తిరిగిన చోట పెట్టకండి. అలాగని గదిలో మూసెయ్యకండి. పద్నాలుగో వారం దాకా చూసినవే దానికి లోకం. చంకనెత్తుకుని హరిదాసునీ, గంగిరెద్దునీ, డప్పునీ, బస్సు హారన్నీ చూపించు.

తిండి మూడో నెల నిండేదాకా రోజుకి నాలుగుసార్లు, ఆరు నెలల దాకా మూడు, తరవాత రెండు. పాలన్నం ఒక్కటే పెడితే చాలదు. మెత్తటి అన్నంలో ఉడికిన గుడ్డు, ఎముకల్లేని కోడిమాంసం కలపండి. చోడి అంబలి పలచగా కలిపి పెట్టొచ్చు, చోళ్ళలో కాల్షియం ఉంది. కాల్షియం సీసాలు ఎవరో చెప్పారని పట్టకండి. ఉడికిన ఎముక చీలి గొంతులో గుచ్చుకుంటుంది. ఉల్లి, వెల్లుల్లి పడ్డ కూర మెతుకులు వద్దు. ఎండాకాలం వస్తే మామిడి టెంక అందకుండా చూడండి, మింగితే పేగుకి అడ్డం పడుతుంది.

మొదటి రాత్రులు ఏడుస్తుంది. అరుగు మీద ఒంటరిగా వదలకండి. అమ్మ మంచం పక్కన అట్టపెట్టెలో పాత నూలుచీర మడిచి పరిచి, వేడినీళ్ళ సీసా గుడ్డలో చుట్టి పెట్టండి. ఆ చీర వారానికోసారి మరిగే నీళ్ళలో వెయ్యాలి. తిన్న పావుగంటకీ, నిద్రలేవగానే పెరట్లోకి తీసుకెళ్తే నెలలో అలవాటవుతుంది.

చుక్కి అనే పేరే పెడదామని అమ్మ అంటోందట. పెడితే తప్పు లేదు. కానీ ఈ పిల్ల చుక్కిలా గుమ్మం దగ్గర కూర్చోకపోతే, చుక్కి తిన్నవి తినకపోతే అమ్మకి దిగులు. నా మాటగా వేరే పేరు అనుకోమను. అమ్మ ఇష్టమే ఆఖరి మాట.

గొయ్యి మీద మట్టి వానకి దిగుతుంది, ఇంకో రెండు గంపలు పొయ్యి. ఊరకుక్కలు తవ్వకుండా రేగుకంప కప్పు.

చుక్కి నైలాన్ బెల్టు కొత్తపిల్లకి కట్టకు. బకిల్ దగ్గర మడత విప్పి చూడు, కుట్టులో ఒకటో రెండో బూడిదరంగువి ఉండే ఉంటాయి, దాని తెల్లవెంట్రుకలు కూడా. వెంట్రుకలు తీసి కాగితంలో పెట్టు. బెల్టు మరిగే నీళ్ళలో పది నిమిషాలు ఉంచి ఎండబెట్టి, బీరువాలో నా అరలో పెట్టు. వేసవికి వచ్చినప్పుడు తీసుకుంటాను.

అమ్మకీ నాన్నకీ నమస్కారాలు.

అప్ప