గుండు ఒక్కటే మిగిలితే చాలదు

ఎడిటర్ గారికి,

హైదరాబాద్ చుట్టుపక్కల కొత్త లేఅవుట్లలో ఒక పెద్ద రాతి గుండును మాత్రం ఉంచి, చుట్టూ గుట్టంతా చదును చేసి రాక్ గార్డెన్ అని బోర్డు పెడుతున్నారు. మొత్తం కంకర చేయడం కంటే నయమే. కానీ అలా ఒంటరిగా వదిలిన గుండు పదిలంగా ఉంటుందన్న భరోసా లేదు.

ఖాజాగూడ గుట్టలైనా, మౌలాలి కొండైనా, సెంట్రల్ యూనివర్సిటీలోని పుట్టగొడుగు రాయైనా దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటే. భూమి లోపల కిలోమీటర్ల లోతున చల్లారి గట్టిపడిన రాయి ఇది. పైపొరలు కోతకు పోయి బరువు తగ్గేకొద్దీ ఉల్లిపొరల్లా అడ్డంగా విచ్చుకుంది. నిలువు పగుళ్లు కూడా తోడై దిమ్మలుగా విడిపోయింది. పగుళ్లలోకి దిగిన వాన నీరు రాతిలోని ఖనిజమైన ఫెల్డ్‌స్పార్‌ను బంకమట్టిగా మార్చి, రాతిని మొరం చేసింది. మూలలను నీరు మూడు వైపుల నుంచి తింటుంది కాబట్టి అవే ముందు అరిగి, దిమ్మ గుండైంది. మొరం కొట్టుకుపోయాక గుండ్లు బయటపడ్డాయి. ఎవరో పేర్చినట్టు కనిపిస్తాయి గానీ, అవి చాలావరకు ఉన్నచోటే గుండ్రబడ్డవి.

అందుకే పై గుండు కింది బండకు ఆనేది చాలాసార్లు రెండు మూడు చిన్న చోట్లే. దాని పాదం దగ్గరి మొరాన్ని జేసీబీతో గీకేస్తే, వాన నీరు ఆ ఆనుడు కిందికే తొలుస్తుంది. పక్కన పేలుళ్లు జరిపితే కంటికి కనిపించని పాత పగులు తెరుచుకుంటుంది. రాయి తీయక తప్పని చోట రంధ్రాలు వేసి, ఉబ్బి రాతిని చీల్చే పొడిని నీళ్లలో కలిపి పోయవచ్చు. ఆలస్యమైనా అదురు ఉండదు.

గుండు మొదట్లో చెత్త తగలబెట్టడం ఇంకో పెద్ద తప్పు. వేడికి రాతిలోని మరో ఖనిజం క్వార్ట్జ్ ఎక్కువ, ఫెల్డ్‌స్పార్ తక్కువ వ్యాకోచిస్తాయి. రాయి పెచ్చులుగా లేస్తుంది. బండను పొరలుగా లేపడానికి పూర్వం రాళ్లు కొట్టేవాళ్లు మంట పెట్టింది ఇందుకే! సందుల్లో సిమెంటు కూరడం కూడా మేలు కాదు, నీరు బయటికి పోయే దారి మూసుకుపోయి లోపలే నిలిచి రాతిని తింటుంది. పగుళ్లలో మొలిచే రావి, మర్రి మొక్కలను మాత్రం వేరు ఊనకముందే తీసేయాలి.

ఇది అందం సంగతి మాత్రమే కాదు. బోడి బండ మీద పడ్డ వాన జారి, అంచున ఉన్న మొరంలో ఇంకుతుంది. గోల్కొండకు మంచినీళ్లిచ్చిన దుర్గం చెరువు ఇలాంటి గుట్టల మధ్యే ఉంది. గుట్ట పాదాన్ని కాంక్రీటు చేస్తే ఆ నీళ్లు రోడ్ల మీదికే వస్తాయి.

లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే ముందే నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ, నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ అధికారులు ఎత్తుపల్లాలతో పాటు ప్రతి గుండు గుంపునూ గుర్తించిన సర్వే పటం అడగాలి. పార్కుకు వదలాల్సిన జాగాను మూలనున్న పనికిరాని ముక్కలో కాకుండా గుట్ట ఉన్నచోటే, వాలు నేలను కలిసేదాకా చూపించమనాలి. ఆ జాగా హద్దు లోపల తవ్వకం, పేలుడు, రంగులు వేయడం వద్దని అనుమతి పత్రంలోనే రాయాలి. జేసీబీ వచ్చాక రాసే నోటీసుతో గుట్ట తిరిగి రాదు.

ఇట్లు,
ఒక భూవిజ్ఞాన అధ్యాపకుడు, హైదరాబాద్