నీళ్లు వచ్చేలోపు ఆరు గదులు: శివాలయ కమిటీ విరాళాల విజ్ఞప్తి

ఓం నమశ్శివాయ.

ఊళ్లో ఉన్న భక్త మహాశయులకు, ఊరు విడిచి హైదరాబాదులో, పుణెలో, ముంబయిలో బతుకుతున్న మన ఊరి ఆడబిడ్డలకు, అన్నదమ్ములకు శివాలయ కమిటీ తరఫున నమస్కారాలు.

ఈ విజ్ఞప్తి శివరాత్రి అయిన వారానికే మీకు అందవలసింది. కోశాధికారిగారి లెక్క తెగలేదు, నా రాత సాగలేదు. ఇప్పుడు వైశాఖం సగానికి వచ్చింది. శ్రీశైలం డ్యాం నీళ్లు వెనక్కి పోయాయి. కొల్లాపూర్ వైపు పాత బండ్ల బాట తేలింది. ఇసుక ట్రాక్టరు నేరుగా గుడి ముందుకే వస్తోంది. ఈ బాట మనకు ఎన్నాళ్లు ఉంటుందో మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఎగువన జూరాల గేట్లు ఎత్తారని టీవీలో చూసిన కొద్ది రోజులకే బాట మునుగుతుంది, మన దిబ్బ మళ్లీ దీవి అవుతుంది. ఆ తరువాత బస్తా సిమెంటు తేవాలన్నా పుట్టి (బుట్టలాంటి గుండ్రటి పడవ) నడిపేవాడిని బతిమాలుకోవాలి.

నిరుడు ఆ పని చేసి చూశాం. ఒక్కో పుట్టిలో పది బస్తాలకు మించి వేయడు, గాలి లేస్తే అవి కూడా వేయడు. రేవు దగ్గర అల కొట్టి నాలుగు బస్తాలు తడిశాయి. తెల్లవారేసరికి రాళ్లయ్యాయి. ఇప్పుడవి గుడి వెనుక వేపచెట్టు కింద ఉన్నాయి, పిల్లలు వాటి మీద కూర్చుని గోళీలాట చూస్తున్నారు. బస్తా ఖరీదు, ట్రాక్టరు బాడుగ, పుట్టి బాడుగ, మోత కూలి అన్నీ కలిపితే దీవిలో గోడ కట్టడానికి అయ్యే ఖర్చుతో కొల్లాపూర్‌లో గది లేచేది. అందుకే ఈసారి తొందర. ఏరువాక పున్నమి లోపు స్లాబు పడాలి. పున్నమి దాటితే కూలీలు పొలాలకు పోతారు. స్లాబు పడ్డాక మూడు వారాలు నీళ్లు పట్టాలి, అప్పుడే సెంట్రింగు విప్పాలి. ఆ రేకులు, కర్రలు బాడుగవి. బాట మునిగేలోపు అవతలికి చేర్చకపోతే దీపావళి దాకా రోజు లెక్కన బాడుగ కట్టుకుంటూ కూర్చోవాలి.

కమిటీ నాకు అప్పగించింది మూడు పనుల గురించి రాయమని. రేవు దగ్గర నంది కమాను, గోపురానికి రంగులు, గుడి పక్కన ఆరు గదులు. అధ్యక్షులవారి మనసంతా కమాను మీద ఉంది. పడవలో వచ్చే భక్తుడికి నది మధ్య నుంచే నంది కనిపించాలని వారి కోరిక. మంచి కోరికే. నమూనా బొమ్మ కూడా గీయించారు, అడిగినవారికి చూపిస్తారు. రంగుల సంగతి చెప్పేదేముంది, ఎవరైనా ఒక దాత ముందుకు వస్తే రెండు వారాల పని. ఇక గదుల గురించి.

మన గుడి ఎలా వచ్చిందో కొత్త తరం తెలుసుకోవాలి. 1963లో నెహ్రూగారు శ్రీశైలం డ్యాంకు శంకుస్థాపన చేసినప్పుడు, అంత దూరంలో కట్టే గోడకు ఇక్కడ మనం మునగడమేమిటని పెద్దలు నవ్వుకున్నారట. 1981 వచ్చేసరికి నవ్వు పోయింది. కృష్ణ వెంబడి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్లు కదిలిపోయాయి. చెప్పినా కదలనివారి ఇళ్లను కూల్చారు. ఆ రోజుల్లో దేవుళ్లను మాత్రం ఎంతో జాగ్రత్తగా తరలించారు. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయికీ అంకె వేసి విప్పి, అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. సోమశిల, జటప్రోలు గుళ్లు కూడా అలాగే గట్టెక్కాయి. మన గుడి చిన్నది, దానికి అంకెలు వేయడానికి ఎవరూ రాలేదు. మన పెద్దలే వడ్డెర మేస్త్రీతో ఉలి అంకెలు చెక్కించి, స్తంభాలను ఎడ్లబండ్లకు ఎత్తి ఈ దిబ్బకు చేర్చారు. మండపంలో తూర్పు వరుసలో మూడో స్తంభం చూడండి. 17 అంకె తలకిందులుగా ఉంటుంది. తొందరలో రాయిని తిరగేసి నిలబెట్టారు. నలభై ఏళ్లు దాటింది, అది ఇప్పటికీ కప్పు మోస్తూనే ఉంది.

ఆ బండ్లు కట్టినవారిలో సగం మందికి ఆ ఏడాది తలదాచుకునే చోటు లేదు. ముందు స్వామికి, తరువాత మనకు అనుకున్నారు. స్వామికి అయితే కుదిరింది. మనకు ఇంకా పూర్తిగా కుదరలేదు.

అప్పుడు ఇంటికి ఒక జాగా ఇచ్చారు. ఇప్పుడు అదే జాగాలో మూడేసి, నాలుగేసి పొయ్యిలు వెలుగుతున్నాయి. దిబ్బ పెరగదు కదా. వేసవిలో మూడు వైపుల నీళ్లు, నాలుగో వైపు బాట, బాటకు అవతల అడవి హద్దు. పెళ్లయిన కొడుక్కి వేరు గది వేయాలంటే పశువుల కొట్టం తీసేయాలి. చీర అడ్డం కట్టి రెండు కాపురాలు చేస్తున్న ఇళ్లు మన ఊళ్లో ఉన్నాయి. ఏవో రాయను, అందరికీ తెలుసు. 2009 అక్టోబరు వరద మరీ దెబ్బ తీసింది. డ్యాం నిండు మట్టం 885 అడుగులైతే ఆ వరదకు 896.5 దాకా పోయింది. మన గుడి మూడో మెట్టు తడిసింది. కింది వరుస మట్టి గోడలు నానినవి నానినట్టే కూర్చున్నాయి. కొన్ని మళ్లీ లేచాయి, కొన్ని లేవలేదు.

సర్కారు ఇళ్ల మాట ఎత్తుతారని తెలుసు. డబుల్ బెడ్‌రూం ఇళ్లు మన రేవు దాటలేదు. ఇప్పుడు ఇందిరమ్మ ఇళ్లకు 5 లక్షలు ఇస్తున్నారు. 400 చదరపు అడుగులకు తగ్గకుండా కట్టాలి, సొంత జాగా ఉండాలి, పని సాగిన కొద్దీ విడతలుగా సొమ్ము పడుతుంది. జాగా ఉన్నవారు పెట్టుకోండి, దరఖాస్తు రాయడానికి నేను కూర్చుంటాను. జాగాయే లేనివారి సంగతి ఏమిటి? మొదటి విడత సొమ్ము పడాలంటే ముందు మన డబ్బుతో పునాది లేపాలి. పుట్టిలో కంకర తెచ్చి పునాది లేపే స్తోమత ఉన్నవాడు మండపంలో ఎందుకు పడుకుంటాడు?

ఇంకో బెడద కూడా మొదలైంది. సోమశిల దగ్గర కృష్ణ మీద పెద్ద వంతెన మంజూరైందని తెలిసినప్పటి నుంచి, ఎవరెవరో కార్లలో వచ్చి నీళ్లు కనిపించే జాగాలు అడుగుతున్నారు. వారాంతంలో వచ్చిపోయేవారికి గదులు వేస్తారట. అమ్మేవారిని తప్పు పట్టను, అప్పు ఉన్నవాడు అమ్ముతాడు. కానీ గుంట ధర ఆ లెక్కకు పోయాక మన ఊరి కూలివాడు మన ఊళ్లో జాగా కొనడం కల్ల.

అవును, మండపం. రాయడానికి చేయి ఆడటం లేదు, రాయక తప్పదు. మన మండపంలో ఇప్పుడు రెండు కుటుంబాలు, ఒక ముసలమ్మ ఉంటున్నారు. నిరుటి వానలకు గోడలు పడి వచ్చారు, మరి వెళ్లలేదు. మొన్న శివరాత్రికి మనం ఏం చేశామో ఊళ్లో ఉన్నవారు చూశారు, దూరంగా ఉన్నవారు తెలుసుకోండి. మూడు రోజుల పండుగకు మండపం ఖాళీ చేయమని చెప్పాం. చెప్పింది నేనే. వాళ్లు మారుమాట లేకుండా బొంతలు చుట్టుకుని, పొయ్యి రాళ్లు ఎత్తుకుని రేవు దగ్గర చింతచెట్టు కిందకు పోయారు. ఇక్కడ మనం జాగరణ చేశాం, మూడు ఊళ్ల వారికి అన్నదానం చేశాం. రెండో రోజు ఆ ముసలమ్మ అన్నం వరుసలో విస్తరి పట్టుకుని నిలబడి ఉంటే వడ్డించే కుర్రాడు "అమ్మా, ఏ ఊరు?" అని అడిగాడు. పాపం, వాడికి తెలియదు, సెలవులకు వచ్చిన పిల్లవాడు. ఆమె నవ్వి నీళ్ల వైపు చేయి చూపింది.

ఆమె చూపింది ఉత్తమాట కాదు. ఏటా నీళ్లు తగ్గినప్పుడు ఆమె పాత ఊళ్లోకి నడిచి పోతుంది. ఈ నెలలో నేనూ వెంట పోయాను. నెర్రెలు బారిన ఒండ్రు, గవ్వలు, మధ్యలో గోడల ఆనవాళ్లు. పగిలిన రోలు ఒకటి, దాని పక్కన రాతి గడప. ఆమె కొంగు ముడి విప్పి, పసుపు తీసి, సీసాలో తెచ్చిన నీళ్లతో తడిపి ఆ గడపకు రాసింది. ఐదు బొట్లు పెట్టింది. ఎండిన బురద గోటితో గీకి మరీ పెట్టింది. నాకు ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. తిరిగి వస్తూ, గదులు ఎప్పటికి అవుతాయని మాత్రం అడిగింది.

నిరుడు వరద రోజుల్లో అర్చకులవారు దాటి రాలేకపోయిన తొమ్మిది పూటలూ స్వామికి దీపం పెట్టింది ఆమే. అర్చకులకు ఊళ్లో ఇల్లు లేదు, అవతలి ఒడ్డున అద్దెకు ఉంటారు. పంతులమ్మదీ అదే స్థితి. అద్దెకు గది దొరికితే ఇక్కడే ఉంటానని చేరిన ఏడాదే చెప్పింది, మనం చూపించలేకపోయాం. నీళ్లు పెరిగితే బడికి తాళం. 2007లో మంచాలకట్ట దగ్గర పుట్టి మునిగి అరవై మందికి పైగా పోయిన తరువాత, గాలి ఉన్న రోజున దాటి రమ్మని ఎవరిని అడగగలం?

కాబట్టి ఆరు గదులు. ఒకటి అర్చకులకు, ఒకటి పంతులమ్మకు లేదా నర్సమ్మకు, నాలుగు ఇల్లు లేనివారికి. పాతకాలపు సత్రం పద్ధతి. దేవుడి జాగా ఎవరి పేరా మారదు, గదులు స్వామివే. నెలకు దీపం నూనెకు వంద రూపాయలు ఇస్తారు, అది కూడా వాళ్లే అడిగి పెట్టుకున్న షరతు. దేవుడి సొమ్ము మనుషుల గదులకా అని ఒక పెద్దాయన ఫోనులో కోప్పడ్డారు. అయ్యా, మీ మాట మీద గౌరవం ఉంది. స్వామి మండపంలో వాళ్లు ఇప్పటికే ఉంటున్నారు, మనం గోడలు, తలుపు మాత్రమే అదనంగా ఇస్తున్నాం.

లెక్క క్లుప్తంగా చెబుతాను. గదికి 3 లక్షలు, మొత్తం 18. ఇప్పటిదాకా చేతికి వచ్చింది 7 లక్షల 40 వేలు, అందులో కొంత పునాదికి ఖర్చయింది, వివరం కోశాధికారిగారి పుస్తకంలో ఉంది, ఎవరైనా చూడవచ్చు. కమాను ఖర్చు ఇందులో లేదు. దాని గురించి అధ్యక్షులవారినే అడగండి.

మొన్న పండుగలో మైకులో పేరు చదివించుకుని ఇంకా సొమ్ము పంపనివారు పదకొండు మంది ఉన్నారు. పేర్లు రాయను. ఆ రోజు చప్పట్లు కొట్టినవారికి గుర్తున్నాయి. ముంపు బాధితులుగా జీవో 98 కింద ఉద్యోగాలు వచ్చినవారికి ఒక్క మాట. ఆ ఉద్యోగం మునిగిన ఇంటి పేరు మీద వచ్చింది. పక్కింటివారి ఇల్లు కూడా మునిగింది, వాళ్లకు ఉద్యోగం రాలేదు. ఒక నెల జీతం అడగడం లేదు, ఒక వారం జీతం పంపండి. నొప్పిస్తే మన్నించండి, పంపిన తరువాత తిట్టండి.

పాలమూరు లేబరని దేశమంతా మనకు పేరు. ఆనకట్టలు, అపార్ట్‌మెంట్లు మన చేతుల మీదుగా లేచాయి. డబ్బు ఇవ్వలేని మేస్త్రీలు, సెంట్రింగు పనివారు రెండు రోజుల పని ఇవ్వండి. చాలు. దాని విలువ కూడా రసీదు పుస్తకంలో గోత్రనామాలతో రాస్తాం. తలుపులు, కిటికీలు, షాబాదు బండలు, రేకులు, వాడనిది ఏది ఉన్నా పనికొస్తుంది. ట్రాక్టరు కొల్లాపూర్ నుంచి వారానికి రెండుసార్లు వస్తోంది, అందులో వేయించండి.

స్లాబు తేదీ సిమెంటు అందిన మూడో రోజు, ముందుగా ఫోను చేసి చెబుతాం. ఆ రోజు భోజనం కమిటీదే. తట్టలు మా దగ్గర ఇరవై రెండు మాత్రమే ఉన్నాయి. ఇంట్లో తట్ట ఉన్నవారు వెంట తెచ్చుకోండి, అడుగున పేరు రాసుకోండి, పోయినసారి చాలా తారుమారయ్యాయి.

ఇట్లు,
కార్యదర్శి,
శివాలయ కమిటీ

(అధ్యక్షులవారు ఇది చదివి, ఇది గుడి విజ్ఞప్తా, ఇళ్ల దరఖాస్తా అని అడిగారు. అయినా సంతకం పెట్టారు. కమానుకు ఇవ్వదలచినవారు రసీదు మీద "కమాను" అని విడిగా రాయించుకోగలరు.)